శనివారం సబ్బు పాఠం

సిస్టరమ్మ పోయిందన్న కబురు నాకు ఫోన్‌లో ఫొటోగా వచ్చింది. పొద్దున్నే నారుమళ్లకు నీళ్లు పెడుతున్నాను. ఒకప్పుడు నేను పనిచేసిన తోట వాళ్ల వాట్సాప్ గ్రూపు మోగింది. ఫొటో చుట్టూ పూల అంచు, కింద జోడించిన చేతుల బొమ్మ. "మా ఎండాకాలం సంతకు అండగా నిలిచిన మాతృమూర్తి" అని రాశారు. ఆ కింద అందరూ వరసగా దండాలు పెడుతున్నారు.

ఆ ఫొటో నాకు తెలుసు. తీసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అందులో సిస్టరమ్మ కుడిచెయ్యి ముందుకు చాపి ఉంటుంది. ఆ చేతిలో పురుగుమందు డబ్బా ఉండాలి. గ్రూపులో పెట్టినదాంట్లో మణికట్టు దగ్గరికి కత్తిరించేశారు. తెలియనివాళ్లు చూస్తే ఆమె ఎవరినో దీవిస్తోందనుకుంటారు.

అందుకే ఇది రాస్తున్నాను. ఆమె దీవించే రకం మనిషి కాదు. పైగా ఆ కత్తిరింపు మొన్న ఫోన్‌లో మొదలైంది కాదు. అంతకు ముందే మొదలైంది, అందులో నా చెయ్యి కూడా ఉంది. అది చెప్పకుండా ఆమెను తలుచుకుంటే ఆ గ్రూపులో దండం పెట్టిన వాళ్లకూ నాకూ తేడా ఏముంటుంది?

ఆ తోట పుంగనూరు దగ్గర, మెయిన్ రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. ఒక ట్రస్టు వాళ్లది. చుట్టుపక్కల మెట్ట రైతులకు నాలుగు మంచి విషయాలు నేర్పాలని పెట్టారు. ఎండాకాలంలో ప్రతి శనివారం అక్కడ సంత జరిగేది. ఆరింటికి మొదలై ఎండ ముదిరేలోపల అయిపోయేది. కొబ్బరి మట్టల పందిరి కింద ఆడవాళ్లు గోనెపట్టాలు పరుచుకుని చింతపండు, రాగిపిండి, మునక్కాయలు, మామిడికాయలు, బీన్సు అమ్మేవాళ్లు. ఎనిమిదింటికి గంట కొడితే అందరూ సరుకు మీద తడిగుడ్డ కప్పి వచ్చి కూచునేవాళ్లు. అప్పుడు ఒక గంట పాఠం. ఒక వారం మేకలకు నట్టల మందు తాగించడం, ఇంకో వారం విత్తనం పురుగు పట్టకుండా దాచుకోవడం, ఇంకో వారం బ్యాంకు ఫారం నింపడం. ఎవరిని పిలవాలి, ఏం చెప్పించాలి, మైకు, చాపలు, మజ్జిగ, ఇవన్నీ చూసుకునే ఉద్యోగం నాది.

సిస్టరమ్మను పాఠానికి నేను పిలవలేదు. ఆమె చింతపండు కోసం వచ్చింది. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. సన్న నీలం అంచు తెల్లచీర, నల్ల గొడుగు, జాకెట్టుకు పిన్నుతో తలకిందులుగా తగిలించుకున్న గడియారం. పుట్టింది కుప్పం దగ్గర పల్లెలో, అందుకని మాటలో కొంచెం అరవం కలిసేది. చింతపండు అమ్మే ఆమె రెండు చేతులతో తల పట్టుకుని, "తలనొప్పికి మాత్ర ఉండాదా సిస్టరమ్మా?" అని అడిగింది. సిస్టరమ్మ సంచీలో చెయ్యి పెట్టకుండా ఆమె గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురుకు తిప్పి కళ్లలోకి చూసింది.

"నిన్న మందు కొట్టినావా?"

"కొట్టినాం. టమాటాకి. నీకెట్ల తెలుసు?"

"నీ కంటిపాప చూస్తే ఆవగింజంత ఉండాది. వాంతి వస్తాందా? నోట్లో నీళ్లూరతాండాయా?"

"ఆ, రాత్రి నుంచి."

"ఈ చీర నిన్న కట్టుకున్నదేనా?"

ఆమె తల ఊపింది. సిస్టరమ్మ ఆమెను లేపి, మా తోట బాత్రూముకు తీసుకుపోయి, లోపల నిలబెట్టి, సబ్బుతో తల దగ్గర్నుంచి రుద్ది స్నానం చేయించింది. ఆమె వేసుకోవడానికి నా సంచీలో ఉన్న చుడీదారు అడిగి తీసుకుంది. తర్వాత ఆటో పిలిచి ఆసుపత్రికి పంపించింది. ఆటో కదిలాక నా వైపు తిరిగి, "ఇన్ని పాఠాలు చెప్పిస్తాండావు గదా పాపా, ఇది ఎవురూ చెప్పలేదా?" అని అడిగింది.

మరుసటి శనివారం పాఠం ఆమెది. ఆ తర్వాత నెలకు ఒకసారైనా ఆమెదే.

మొదటి రోజు కొందరికి అనుమానం. తెల్లచీర, మెడలో సిలువ, ఏం చెప్తుందోనని. ఆవుల్ని మేపుకునే ఒక ముసలాయన వెనక నుంచి లేచి అడిగేశాడు: "ఏమ్మా, మీ దేవుడి గురించి చెప్తావా?"

"దేవుడి గురించి ఆదివారం చెప్తారప్పా, చర్చిలో. ఈరోజు శనివారం. ఈరోజు సబ్బు గురించి" అంది సిస్టరమ్మ.

పందిరంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి కూచున్నాడు. ఆ తర్వాత ఆయన ఒక్క శనివారం మానలేదు.

పాఠం పెద్దదేం కాదు. మందు మీద పడితే బట్టలు అక్కడికక్కడే తీసెయ్యండి, మానం గురించి తర్వాత చూసుకోవచ్చు. సబ్బు, నీళ్లు, తలతో సహా. దారిలో నిమ్మరసం, పాలు, ఉప్పునీళ్లు పొయ్యొద్దు, వాంతి చేయించొద్దు. ఆసుపత్రికి పోయేటప్పుడు డబ్బా తీసుకుపోండి. అన్నిటికన్నా ఈ చివరిది ఆమెకు ముఖ్యం. "మనిషినొక్కణ్ణే తీసుకరావద్దు. డబ్బా కూడా తీసుకరాండి. మనిషి మాట్లాడలేడు, డబ్బా మాట్లాడతాది" అనేది. ఎన్నేళ్లు వార్డులో నిలబడి, ఏం తాగాడో ఏం మీద పడిందో తెలియని మనుషుల్ని ఎంతమందిని చూసిందో ఆ మాటలో తెలిసేది. ఆ కథలు మాత్రం చెప్పేది కాదు. ఎవరైనా అడిగితే, "వాళ్లకి పేర్లుండాయి, వాళ్ల ఇండ్లల్లో మనుషులుండారు" అని మాట తప్పించేది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఎవరితో మాట్లాడినా వాళ్ల మణికట్టు పట్టుకునేది. బీన్సు బేరం ఆడుతున్నా, నన్ను తిడుతున్నా, రెండు వేళ్లు నాడి మీదే ఉండేవి. తనకు తెలియకుండానే లెక్కపెట్టేదనుకుంటాను. వంకాయలు ఏరుకునేటప్పుడు పుచ్చులు ఉన్నవే ఏరేది. అమ్మే ఆమె సిగ్గుపడి మంచివి ముందుకు తోస్తే, "ఉండనీమ్మా. దీంట్లో పురుగు బతికింది గదా, నేనూ బతకతాను" అనేది.

రామసముద్రం వైపు నుంచి భార్యాభర్తలిద్దరు టమాటాలు తెచ్చేవాళ్లు. ఒకరోజు అతను చేన్లో మందు కొడుతూ పడిపోయాడు. చుట్టూ చేరినవాళ్లు నిమ్మకాయ తెమ్మని అరుస్తుంటే భార్య అతని చొక్కా చింపి తీసేసి, డ్రిప్పు పైపు ఊడబీకి ఆ నీళ్లతో ఒళ్లంతా కడిగిందట. డబ్బా కొంగులో మూటగట్టుకుని మదనపల్లెకు పట్టుకుపోయింది. పది రోజులకు అతను లేచి తిరిగాడు. తర్వాతి శనివారం ఇద్దరూ ఒక గంప నిండా టమాటాలు తెచ్చి సిస్టరమ్మ కాళ్ల దగ్గర పెట్టారు. మేమందరం చప్పట్లు కొట్టాం. ఆమె మాత్రం అతని మణికట్టు పట్టుకుని, "ఇప్పుడు ఎవురు కొడతాండారు మందు?" అని అడిగింది.

అతను తల దించుకున్నాడు. "నేనేమ్మా. ఇంకెవురుండారు."

"చేతికి కవర్లు కట్టుకుంటాండావా?"

"కట్టుకుంటే మిషను పట్టు దొరకడంలేదు."

ఆమె చాలాసేపు అతని చెయ్యి వదల్లేదు. చప్పట్లు కొట్టినందుకు నాకు సిగ్గేసింది.

ఇక నా సంగతి.

ఆ మరుసటి ఏడాది ట్రస్టుకు బయటి నుంచి వచ్చే సాయం తగ్గిపోయింది. సంత ఆపేద్దామన్నారు. అప్పుడు పురుగుమందులు అమ్మే వ్యాపారులు కొందరు కలిసి ముందుకు వచ్చారు. పందిరి తీసేసి రేకుల షెడ్డు వేయిస్తామన్నారు, నీళ్ల ట్యాంకు కట్టిస్తామన్నారు, సంతకొచ్చిన వాళ్లందరికీ టోపీలు పంచుతామన్నారు. షరతు అంటూ కాగితం మీద ఏమీ లేదు. మా మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, "సిస్టర్ గారు పెద్దావిడ. మీరైతే బాగా చెప్పగలరు. భయపెట్టే విషయాలు కాకుండా చేతులు కడుక్కోవడం, ఆకుకూరలు, అట్లాంటివి చెప్పమనండి" అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. సంత బతకాలనే అతని తాపత్రయం. నాదీ అదే అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నా ఉద్యోగం కూడా బతకాలి.

మదనపల్లెలో ఆమె ఇల్లు ఒక సందు చివర. ముందు గది, వెనక వంటిల్లు, అంతే. నాకు రాగిజావ కలిపి ఇచ్చి ఎదురుగా కూచుంది. నేను తిప్పి తిప్పి చెప్పాను. షెడ్డు గురించి చెప్పాను, ట్యాంకు గురించి చెప్పాను, ఎండ పడే పందిరి కింద కూచునే ఆడవాళ్ల గురించి చెప్పాను. చివరికి చెప్పాల్సింది చెప్పాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఎందుకిట్ల కొట్టుకుంటాంది నీ గుండె?"

నేను జావ గ్లాసు కింద పెట్టాను.

"ఈ మాట వాళ్లు చెప్పమన్నారా, నువ్వు చెప్తాండావా?"

వాళ్లు చెప్పమన్నారని అనుంటే సరిపోయేది. ఆమె నన్ను ఏమీ అనేది కాదు. కానీ ఆ వయసులో, ఆ ఉద్యోగంలో, నన్నెవరో పంపిస్తే వచ్చానని ఒప్పుకోవడం నాకు చిన్నతనంగా అనిపించింది. "నాక్కూడా అదే మంచిదనిపిస్తోంది సిస్టరమ్మా. మొదట సంత నిలబడనీ. తర్వాత మెల్లగా చెప్పుకోవచ్చు" అన్నాను.

ఆమె చెయ్యి వదిలేసింది. "సరే పాపా. చేతులు కడుక్కోవడం గురించే చెప్తా" అంది.

శనివారం కొత్త షెడ్డు కింద అందరూ టోపీలు పెట్టుకుని కూచున్నారు. ముందు వరసలో కుర్చీలు, వాటిలో వ్యాపారులు. సిస్టరమ్మ మైకు తీసుకుని, "ఈ పొద్దు చేతులు కడుక్కోవడం గురించి" అని మొదలుపెట్టింది. మేనేజరు నా వైపు చూసి నవ్వాడు. "చేతులు ఎందుకు కడుక్కోవల్ల? చేతికి ఏమంటుకుంటాదో సూడండి" అని సంచీలోంచి ఖాళీ డబ్బా తీసి ముందుకు చాపింది. ఫొటో తీసింది అప్పుడే.

ప్లగ్గు ఎవరు పీకారో గాని ఒక నిమిషంలో మైకు ఆగిపోయింది. ఆమె మైకు కింద పెట్టి గొంతు పెంచింది. గొంతు చాలదని తెలిసి ఆడవాళ్లే చాపలు వదిలి ముందుకు జరిగారు, కుర్చీలు దాటుకుని, ఆమె చుట్టూ. మొత్తం పాఠం చెప్పింది, డబ్బా మాటతో సహా. అయిపోయాక చీర కొంగుతో మొహం తుడుచుకుని, ఎప్పటిలాగే చింతపండు కొనుక్కుని, పుచ్చు వంకాయలు ఏరుకుని బస్సెక్కింది. నాతో మాట్లాడలేదు. కోపంతో కాదనుకుంటాను. నేనే వెనక గదిలోకి పోయి టోపీల అట్టపెట్టెలు సర్దుతూ కూచున్నాను.

ఆ వారమే పాఠాల జాబితాలో ఆమె పేరు తీసేశారు. జాబితా రాసేది నేను. అంటే తీసింది నేను. ఆమెకు ఆ సంగతి చెప్పాల్సింది కూడా నేనే, చెప్పలేదు. తన వంతు శనివారం ఆమె మదనపల్లెలో పొద్దున్నే బస్సెక్కి, పుంగనూరులో దిగి ఆటో పట్టుకుని, ఏడింటికల్లా గేటు దగ్గరికి వచ్చింది. బోర్డు మీద ఆరోజు పాఠం కుండీల్లో పూలమొక్కల పెంపకం అని ఉంది. ఆమె కళ్లద్దాలు సరిచేసుకుని రెండుసార్లు చదివింది.

"ఈరోజు నాది లేదా?"

"లేదు సిస్టరమ్మా. కొంచెం మారింది."

"వచ్చే వారం ఉండాదా?"

"చెప్తా."

ఆమె తల ఊపింది. గొడుగు తెరిచి వచ్చిన దారినే నడిచి వెళ్లింది. ఆటో అప్పటికే వెళ్లిపోయింది. రోడ్డు దాకా నడవాలి, ఆమెకు మోకాళ్ల నొప్పులు. బండి మీద దించుతానని నేను అనలేదు. నేను చెప్పలేదు, ఆమె మళ్లీ రాలేదు.

ఆ ఎండాకాలం చివర్లో బీన్సు అమ్మే పిల్ల పోయింది. పిల్ల అంటున్నాను గాని, పెళ్లై ఒక బిడ్డ తల్లి. వెంకటగిరికోట వైపు నుంచి కొత్తగా మా సంతకు రావడం మొదలుపెట్టింది, సిస్టరమ్మ పాఠాలు ఆగిపోయిన తర్వాతే. చేన్లో మందు కొడుతుంటే మిషను మూత ఊడి వీపంతా, తలంతా తడిసింది. రెండు ఆసుపత్రులు తిరిగి మదనపల్లెకు చేరేసరికి పొద్దు గూకింది. సిస్టరమ్మ రిటైరైనా సాయంత్రాలు వార్డుకు పోయి రోగుల దగ్గర కూచునేది. ఆ రోజూ అక్కడే ఉంది. మూడో నాడు ఆ పిల్ల ప్రాణం పోయింది.

ఆ సంగతి నాకు ఆమె నోటి నుంచే తెలిసింది. ఆ ఏడాది సంత ముగిశాక, చాలా వారాలకు, ఇక ఉండబట్టలేక ఆమె ఇంటికి పోయాను. ఎప్పటిలాగే రాగిజావ ఇచ్చింది. ఈసారి నా చెయ్యి పట్టుకోలేదు.

"మీ సంతలో బీన్సు అమ్మతాండె గదా, ఆ పిల్ల. తలమీద మీరు పంచిన టోపీ అట్లనే ఉండె. మందుకి తడిసి, తలకి అతుక్కోని. మేము తీసేదాకా ఎవురూ తియ్యలేదు. డబ్బా కూడా తేలేదు."

"టోపీ తీసేసుంటే బతికేదా?" అని అడిగాను.

"అది నేను చెప్పను. చెప్తే అబద్ధమవుతాది" అంది. గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోతూ, వెనక్కి తిరగకుండా అంది: "తియ్యల్లని మాత్రం ఆ పిల్లకి ఎవురూ చెప్పలేదు."

ఆ నెలలోనే ఉద్యోగం మానేసి, నారు పెంచి అమ్ముకోవడం మొదలుపెట్టాను. దాన్నేదో త్యాగంలా చెప్పుకోను. అప్పటికే సంత ఆ సంత కాదు. మరుసటి ఏడాదికి బెంగళూరు నుంచి కార్లలో వచ్చేవాళ్ల కోసం టిక్కెట్టు పెట్టారు. కొర్రల దోశలు, మట్టికుండలు చేయించే ఆటలు, ఎద్దుబండి మీద పిల్లల ఫొటోలు. గోనెపట్టాల మీద కూచునే ఆడవాళ్లు ఒక్కొక్కరే రావడం మానేశారు. మానెయ్యమని ఎవరూ అనలేదు, చోటు మాత్రం మిగల్లేదు. ట్యాంకు మీద దాతల పేర్లు ఇప్పటికీ ఉన్నాయి.

తర్వాత నేను రెండు మూడుసార్లు ఆమెను చూశాను. మదనపల్లె బజారులో ఒకసారి, బస్టాండులో ఒకసారి. నారు ఎట్లా ఉందని అడిగేది, నాకు బిడ్డ పుడితే ఊలు టోపీ అల్లి పంపించింది. ఆ పాత సంగతి ఎత్తలేదు. ఎత్తి తిట్టుంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. క్షమించమని నేనూ అడగలేదు. అడుగుదాంలే, ఆమె యాడికి పోతుంది అనుకున్నాను.

ఆమె కోరిక ప్రకారం కుప్పం దగ్గర సొంత పల్లెలోనే పూడ్చారు. నేను బస్సులు మారి చేరేసరికి పెట్టె మూసేశారు. చర్చి వాళ్లు, ఆమె చెల్లెలి పిల్లలు, కలిసి పనిచేసిన ముసలి నర్సులు ఆరేడుగురు. తోట నుంచి మనుషులెవరూ రాలేదు, పెద్ద పూలచక్రం పంపారు. దాని రిబ్బను మీద ట్రస్టు పేరు, ఆ పక్కనే వ్యాపారుల సంఘం పేరు. ఆమె చెల్లెలి కూతురు దాన్ని చదివి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతుల్లో పట్టుకుని నిలబడింది. చివరికి గోడకు ఆనించింది. రామసముద్రం నుంచి ఆ టమాటాల ఆమె వచ్చింది, ఒక్కతే. భర్త ఎట్లా ఉన్నాడని అడిగాను.

"ఉండాడమ్మా. చేతులు వణకతాండాయి. ఇప్పుడు నేనే కొడతాండా మందు" అంది.

మట్టి వేసేటప్పుడు అందరూ ఏదో పాడారు. నాకు ఆ పాట రాదు. పెదాలు కదిలిస్తూ నిలబడ్డాను.

తిరుగుదారిలో పలమనేరులో బస్సు మారి కిటికీ పక్కన కూచున్నాను. పెద్దపంజాణి వైపు వచ్చేసరికి మధ్యాహ్నం పొద్దు వాలుతోంది. రోడ్డు పక్కన టమాటా చేను. అందులో ఒకామె వీపున మందు మిషను తగిలించుకుని సాళ్లలో నడుస్తోంది. ముక్కుకు కొంగు కట్టుకుంది. గాలి ఆమెకు ఎదురుగా వీస్తోంది, కొట్టిన మందంతా తిరిగి ఆమె మీదికే వస్తోంది. మా బస్సులో ముందు సీటాయన వాసనకు మొహం చిట్లించి అద్దం మూసేశాడు. నేను లేచి, ఆపమని అరిచి దిగిపోయాను. ఎందుకు దిగానో నాకే తెలియదు.

గట్టు మీద నిలబడి పిలిచాను. "అమ్మా! గాలి ఎదురొస్తాంది! ఆ పక్క నుంచి కొట్టుకుంటా రా!"

మిషను మోతలో ఆమెకు వినబడలేదు. ఇంకా గట్టిగా అరిచాను. ఆమె ఆగి నా వైపు చూసింది. మంచి చీర కట్టుకుని, చేతిలో సంచీతో, నడిరోడ్డు మీద దిగిపోయిన మనిషిని. దారి తప్పాననుకున్నట్టుంది. చెయ్యెత్తి, పుంగనూరు అటు అని రోడ్డు చూపించింది. చూపించి మళ్లీ సాల్లోకి తిరిగింది. వాలుపొద్దు ఎండలో ఆమె చుట్టూ లేస్తున్న తుంపరలో ఒక చిన్న హరివిల్లు పడింది. ఆమె నడిచిన కొద్దీ అది కూడా ఆమె మొహానికి ముందే, చాలా అందంగా, చేను చివరిదాకా నడిచింది.